ఆపరేషన్‌కి అయిదు స్టార్లు, ఆ తర్వాత తొమ్మిది రోజులకి ఒక్కటే

మా అత్తయ్యగారికి తుంటి ఆపరేషన్ చేయించిన, ఆ తర్వాత వార్డులోనే ఆవిడకి ఇన్‌ఫెక్షన్ అంటుకున్న ప్రైవేటు ఆస్పత్రి గురించి రాస్తున్నానండి. మాది కోనసీమ, ఆస్పత్రి కూడా ఇటువైపుదే. పేరు పెట్టట్లేదు. పేరు పెడితే చదివినవాళ్ళు అదొక్కటి మానేసి ఎదురు సందులో ఉన్న ఇంకోదానికి వెళ్తారు, అక్కడా ఇదే వార్డు, ఇదే మగ్గు, ఇవే గ్లౌజులు. మా ఆడపడుచు వాళ్ళ మావగారికి వేరే ఊళ్ళో వేరే ఆస్పత్రిలో దాదాపు ఇలాగే జరిగింది, ఆయన ఇంటికి రాలేదు. అందుకని ఏ ఆస్పత్రికి వెళ్ళినా పనికొచ్చేలా జరిగింది జరిగినట్టు రాస్తాను, కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

కార్తీకమాసంలో తెల్లారగట్ల కాలవ స్నానానికి వెళ్ళి రేవు మెట్ల మీద నాచుకి జారేరు. 76 ఏళ్ళు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి కానీ మనిషి గట్టి, ముందురోజు దాకా కొబ్బరికాయలు లెక్కపెట్టి దింపు కూలీలకి డబ్బులిచ్చింది ఆవిడే. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక పైభాగం, తుంటి దగ్గర మెడలా ఉంటుంది కదా అక్కడ విరిగింది, బాల్ మార్చాలన్నారు.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి నా అయిదు స్టార్లు, అందులో మాటే లేదు. ఎక్స్‌రే కిటికీ వెలుగుకి పెట్టి ఆవిడకే చూపించేరు, మాకు కాదు, ఆవిడకే, "మామ్మగారూ, ఇదిగో ఇక్కడ విరిగింది, ఆపరేషనయిన రెండో రోజుకి మిమ్మల్ని నిలబెడతాను, సరేనా" అన్నారు. "ఆయ్, నిలబెట్టండి బాబూ" అన్నారావిడ. నిజంగానే రెండో రోజు వాకర్ పట్టించి నిలబెట్టేరు. కుట్లు చక్కగా మానేయి, కాలు పొట్టి అవ్వలేదు. వార్డు చూడ్డానికి బాగుంది, క్యాంటీన్లో ఇడ్లీ పర్లేదు, లిఫ్టు పనిచేస్తుంది. వీటికి నేనేం వంక పెట్టను.

అసలు సంగతి యూరిన్ పైపు. ఆపరేషన్ ముందురోజు గురువారం వేసేరు, విరిగిన కాలుతో కదల్లేరు కాబట్టి వెయ్యాలి, అది తప్పు కాదు. ఆదివారానికి మనిషి వాకర్ పట్టుకుని నిలబడింది. నిలబడ్డ మనిషికి పైపు ఎందుకు? ఆ ప్రశ్న ఆ రోజు ఎవరూ వెయ్యలేదండి. సర్జన్ గారు కుట్లు చూసి వెళ్ళిపోయేవారు, డ్యూటీ డాక్టర్ షుగరు చూసి వెళ్ళిపోయేవారు, సిస్టర్లు "సార్ చెప్తే తీస్తాం" అనేవారు, సార్ ఏమో అది వార్డువాళ్ళు చూసుకుంటారనుకున్నారు. ఎముకకి ఒక డాక్టరున్నారు, షుగరుకి ఒకరున్నారు, ఆ పైపుకి మాత్రం ఎవరూ లేరు. నేనూ అడగలేదు. రాత్రిపూట ఆవిడని లేపి బెడ్ ప్యాన్ పెట్టాలంటే ఇద్దరు కావాలి, నేనొక్కదాన్నే ఉన్నాను, పైపు ఉంటే నాకూ నిద్ర పడుతోంది కదా అనుకున్నాను. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

తర్వాత తెలిసిందేంటంటే ఆపరేషన్ కోసం వేసిన పైపు వేరే కారణం లేకపోతే వీలైనంత వరకు 24 గంటల్లోపే తీసెయ్యాలంట. లోపల ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం నూటికి 3 నుంచి 7 దాకా పెరుగుతుందంట. రోజుకి అంత అని, తొమ్మిది రోజులకి లెక్కేసుకోండి. పైపు గోడకి జిగురు పొరలాగా పట్టేస్తాయంట ఆ క్రిములు, ఆ పొర కట్టాక మందు లోపలికి దిగదు, మన చెరువు గట్టు రాళ్ళకి నాచు పట్టినట్టే.

ఇంక ఆ బ్యాగ్ సంగతి. మా వార్డులో నాలుగు మంచాలకి యూరిన్ బ్యాగులున్నాయి. పొద్దున్న ఆరింటికి వార్డుబాయ్ వస్తాడు, చేతిలో ఒక నీలం రంగు ప్లాస్టిక్ మగ్గు, దాని అంచు మీద గీతలు చెరిగిపోయి ఉంటాయి. మొదటి మంచం దగ్గర బ్యాగ్ కింద కుళాయి తిప్పి మగ్గులోకి వదుల్తాడు, బాత్‌రూములో పారబోస్తాడు, అదే మగ్గు, అవే గ్లౌజులు, రెండో మంచం. ఆ బ్యాగు ముక్కు మగ్గు అంచుకి తగుల్తూనే ఉంటుంది. మూడోది మాది. నాలుగో మంచంలో పెద్దాయన వేరే ఆస్పత్రి ఐసీయూలో ఇరవై రోజులుండి వచ్చిన మనిషి. మధ్యలో ఫోనొస్తే అదే గ్లౌజుతో తీసి మాట్లాడేవాడు. వాడ్ని తిట్టాలని రాయట్లేదు, పన్నెండు గంటల డ్యూటీ, పద్నాలుగు మంచాలకి వాడొక్కడే, ఒక్కొక్కరికి ఒక్కో మగ్గు ఇవ్వాల్సింది యాజమాన్యం, గ్లౌజులు మార్చాలని నేర్పాల్సింది వాళ్ళే. ఎక్స్‌రేకి తీసుకెళ్ళినప్పుడు స్ట్రెచర్ మీద ఆ బ్యాగ్ తీసుకెళ్ళి అత్తయ్యగారి పొట్ట మీద పెట్టేరు, బ్యాగులోది వెనక్కి పైపులోకి పోవడం నేను కళ్ళారా చూసేను, అది తప్పని అప్పటికి నాకు తెలీదు. బ్యాగ్ ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి, అలాగని నేలకి తగలకూడదు.

వార్డులో శానిటైజర్ సీసా ఉంది. గోడకి బిగించి, పైన ఆరు స్టెప్పుల బొమ్మల పోస్టర్ కూడా ఉంది. సీసా మేమున్నన్నాళ్ళూ ఖాళీగానే ఉంది.

పరామర్శలు కూడా చెప్పాలి. మన గోదావరి జిల్లాల వాళ్ళకి పలకరింపుకి వెళ్ళకపోతే పరువు పోయినట్టు కదా. రావులపాలెం నుంచి, పాలకొల్లు నుంచి, ముక్తేశ్వరం నుంచి ఆవిడ పుట్టింటివాళ్ళు, రోజుకి ఇరవై ముప్పై మంది, ఆత్రేయపురం పూతరేకులు, బొండాలు. అందరూ మంచం మీదే కూర్చుంటారు, చెయ్యి పట్టుకుంటారు, సెలైన్ సూది దగ్గర ప్లాస్టర్ సర్దుతారు, ఒకావిడ పక్క మంచం పెద్దాయన కాళ్ళు కూడా నిమిరి వచ్చి మళ్ళీ మా అత్తయ్యగారి మొహం తుడిచింది. అంతా ప్రేమే. సెక్యూరిటీ ఆపలేదు, సిస్టర్లు ఆపలేదు, నేను ఎలా ఆపుతాను, కోడల్ని, వద్దంటే ఊరంతా చెప్పుకుంటారు. ఆస్పత్రి వాళ్ళే గేటు దగ్గర ఆపితే ఆ మాట వాళ్ళ మీద పోయేది, నాకు బరువు తగ్గేది.

ఎనిమిదో రోజు సాయంత్రం నుంచి ఆవిడ మాట మారింది. అన్నం వద్దన్నారు, మజ్జిగ రెండు గుటకలు తాగి పక్కకి తిరిగేరు. రాత్రి పదింటికి దుప్పటి అంచు వేళ్ళతో పీకడం మొదలెట్టేరు, ఒక్కో పోగూ ఏరుతున్నట్టు, పక్కన పెడుతున్నట్టు. "అమ్మాయ్, పంటు వెళ్ళిపోతోంది, నా చెప్పులేవి" అన్నారు. చిన్నప్పుడు ముక్తేశ్వరం నుంచి కార్తీక సోమవారాలకి కోటిపల్లి సోమేశ్వరుడి గుడికి గోదావరి దాటించే పెద్ద పడవ, పంటు మీద వెళ్ళేవారంట, ఆ పంటు. నేను "వెళ్ళలేదు అత్తయ్యా, ఉంది" అంటే, "నీకు కనపడ్డం లేదు, అదిగో తాడు విప్పేస్తున్నారు" అని లేవబోయేరు. సిస్టర్ని పిలిస్తే "వయసు కదండీ, రాత్రుళ్ళు అలాగే మాట్లాడతారు, పొద్దున్నకి సర్దుకుంటుంది" అని నిద్రమాత్ర ఇచ్చింది. జ్వరం చూస్తే లేదు, 97. జ్వరం లేదు కాబట్టి ఇన్‌ఫెక్షన్ లేదన్నారు.

పెద్దవాళ్ళ విషయంలో ఇది బాగా గుర్తుపెట్టుకోండి. వయసు మళ్ళినవాళ్ళకి ఒంట్లో క్రిమి ముదిరినా జ్వరం రాకపోవచ్చు, ఒక్కోసారి ఒళ్ళు చల్లబడుతుంది కూడా. నిన్నటిదాకా లెక్కలు చెప్పిన మనిషి ఒక్క పూటలో తికమకపడితే అది వయసు కాదు. తిండి మానెయ్యడం, ఉన్నట్టుండి మగతగా ఉండటం, ఊపిరి వేగం, ఇవే వాళ్ళకి జ్వరంతో సమానం. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో పొట్ట మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టుకోవచ్చు, 22 అయినా దాటినా, పై బీపీ 100కి పడినా, మాట తేడాగా ఉన్నా డాక్టర్ని లేపాల్సిందే. తెల్లారి నాలుగింటికి నేను లెక్కపెడితే 30 ఉంది. బీపీ చూడమని గొడవపెడితే చూసేరు, 80. అప్పుడు పరుగులు మొదలయ్యేయి. బ్యాగులో చూస్తే యూరిన్ కొంచెమే ఉంది, బురద నీళ్ళలా. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకి పంపాలని సిస్టర్ సిరంజితో ఆ బ్యాగులోంచే తీసింది, అది కూడా తప్పేనంట, రాత్రంతా బ్యాగులో నిలవున్నదాంట్లో ఏవేవో పెరుగుతాయి, పైపు మీద దానికోసమే ఉండే చోట శుభ్రంగా తుడిచి తియ్యాలి.

అంబులెన్స్‌లో ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ తీసుకెళ్ళేం. దారంతా ఆవిడ కళ్ళు తెరవలేదు.

కాకినాడలో మేం చేర్చిన ఐసీయూ గురించి కూడా రాయాలి, తేడా అక్కడే తెలిసింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు, ముప్పై ఉంటాయేమో. బీపీకి మందు పెట్టిస్తూనే ఆవిడ అడిగిన మొదటి మాట "ఈ పైపు ఎప్పుడు వేసేరు?" కేస్ షీట్లో తేదీ లేదు, బ్యాగు మీద లేదు. నాకు గుర్తుంది కాబట్టి గురువారం అని చెప్పేను. ఆవిడ ఏమీ అనలేదు, పాత పైపు తీయించి కొత్తది వేయించి దాన్నుంచి శాంపిల్ పంపేరు, రెండు చేతుల నుంచి రక్తం కూడా కల్చర్‌కి తీసేరు, ఆ తర్వాతే యాంటీబయాటిక్ మొదలెట్టేరు, ఇదంతా గంటలోపే. అక్కడ ప్రతి సూది మీదా, ప్రతి పైపు మీదా తెల్ల టేప్ అంటించి తేదీ, టైము రాస్తారు. ప్రతి మంచం కాళ్ళ దగ్గర శానిటైజర్, సిస్టర్ మంచాన్ని ముట్టుకునే ముందు ఒకసారి, వదిలేసేక ఒకసారి, ఒకరోజు కూర్చుని చూసేను, ఒక్కరు కూడా తప్పలేదు. తలవైపు మంచం ఎప్పుడూ ఎత్తుగా ఉంచేవారు ఊపిరితిత్తుల్లోకి ఉమ్మి దిగకుండా, రెండు గంటలకోసారి పక్క తిప్పేవారు పుండ్లు పడకుండా. రోజుకి ఒక్కరికే లోపలికి, పావుగంట, చేతులు మోచేతులదాకా కడుక్కుని. మా ఆడపడుచు మొదటిరోజు వాళ్ళతో పెద్ద గొడవే పెట్టుకుంది, మా అమ్మని మాకు చూపించరా అని. మూడోరోజుకి తనే వచ్చే చుట్టాలకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. క్లెబ్సియెల్లా అని రాసుంది, అది ఆ క్రిమి పేరు. కింద ఇరవై మందుల పేర్లు, దాదాపు అన్నిటి ఎదురుగా ఆర్ అనే అక్షరం, అంటే ఆ మందు పనిచెయ్యదు. మెరోపెనెమ్ అనేది పెద్ద మందంట, చివర్లో వాడేది, దానికీ ఆర్. కొలిస్టిన్ ఎదురుగా ఐ అని ఉంది. ఆ మందుకి ఎస్ అని, అంటే పనిచేస్తుందని, రాయరంట, ఐ ఉంటే ఇవ్వొచ్చని డాక్టరమ్మ చెప్పేరు. ఇది 1950ల నాటి పాత మందు, కిడ్నీలని దెబ్బ తీస్తుందని మధ్యలో ఎప్పుడో పక్కన పెట్టేసేరు, ఇప్పుడు వేరే దారి లేక మళ్ళీ తెచ్చేరు. కొలిస్టిన్ అనగానే మా మరిది మొహం మారిపోయింది. వాడు అనపర్తి వైపు కోళ్ళ ఫారంలో చాలా ఏళ్ళు పనిచేసేడు, కోళ్ళు తొందరగా పెరగాలని దాణాలో కలిపే మందు అదే, బస్తాల లెక్కన చూసేడు. 2019లో ప్రభుత్వం తిండికోసం పెంచే జంతువులకి వాడకూడదని ఆపేసింది. మా అమ్మకి చివరికి మిగిలిన మందు అదేనా వదినా అని వాడు ఆ రాత్రంతా బయట కుర్చీలోనే కూర్చున్నాడు.

కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్ష అంకె, క్రియాటినిన్, 1.1 నుంచి 2.8కి వెళ్ళింది, మళ్ళీ మెల్లగా దిగింది. మొత్తం 23 రోజులు కాకినాడలో. మొదటి ఆస్పత్రి బిల్లు లక్షా ఎనభై అయిదు వేలు, రెండోది ఆరు లక్షల నలభై. చెరువు లీజు అడ్వాన్సు మొత్తం దానికే పోయింది.

ఇప్పుడు మొదటి ఆస్పత్రి యాజమాన్యం మాట. మా ఆయన వెళ్ళి అడిగితే మేనేజరు "ఆ ఇన్‌ఫెక్షన్ మీరు ఇంటి దగ్గర నుంచే తెచ్చుకుని ఉంటారండీ, పెద్దావిడ, షుగరు కూడా ఉంది కదా, కాలవ స్నానాలు కదా" అన్నారు. ఒక్క స్టార్ ఈ మాటకే. చేర్చిన రోజు ఆపరేషన్ కోసం వాళ్ళ ల్యాబులోనే యూరిన్ టెస్ట్ చేసేరు, ఆ కాగితం నా దగ్గరుంది, పస్ సెల్స్, చీము కణాలన్నమాట, 2 నుంచి 3 అని రాసుంది, అంటే నార్మల్. తొమ్మిదో రోజు అదే ల్యాబు కాగితంలో అదే లైన్లో ప్లెంటీ అని ఉంది. ఆస్పత్రిలో చేరి 48 గంటలు దాటేక మొదలైన ఇన్‌ఫెక్షన్‌ని మామూలుగా ఆస్పత్రిదిగానే లెక్కేస్తారు, ఇది ప్రపంచం మొత్తం పాటించే లెక్క. షుగరు ఉన్నమాట నిజం, వయసు నిజం, అందుకే కదా ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఇది మన ఒక్క జిల్లా గొడవ కాదని కూడా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం ఆస్పత్రిలో చేరిన ప్రతి వందమందిలో డబ్బున్న దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ అంటుకుంటుంది, అలా అంటుకున్న ప్రతి పదిమందిలో ఒకరు పోతారు. కానీ అదే రిపోర్టులో చేతులు కడుక్కోవడం, శుభ్రత సరిగ్గా పాటిస్తే వీటిలో 70 శాతం దాకా ఆపొచ్చని కూడా ఉంది. వియన్నాలో సెమెల్వైస్ అనే డాక్టరు 1847లోనే చెప్పేడు చేతులు కడుక్కోండి బాలింతలు చచ్చిపోతున్నారు అని, మనం ఇంకా ఖాళీ శానిటైజర్ సీసా దగ్గరే ఉన్నాం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని చేర్చాల్సి వస్తే, పొద్దున్న రౌండ్స్‌కి డాక్టరు వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి, "ఈ పైపు ఇవాళ అవసరమా అండీ?" అని. చేతికున్న సెలైన్ సూదికీ ఇదే ప్రశ్న. మర్యాదగా, రోజూ అడగండి, విసుక్కున్నా అడగండి. తీసెయ్యమంటే ఆ పూటే తీయించండి, డైపర్లు మార్చడం కష్టమే, నేను చేసేను కాబట్టి చెప్తున్నాను, ఆ కష్టం నాలుగు రోజులే. వేసిన తేదీ మీరే టేప్ మీద పెన్నుతో రాసి అంటించండి. బ్యాగ్ ఖాళీ చెయ్యడానికి మీ మగ్గు మీరు కొనుక్కోండి, బజార్లో నలభై రూపాయలు. శానిటైజర్ సీసా మీది మీరు మంచానికి కట్టుకోండి, సిస్టరు వస్తే నవ్వుతూ ముందుకి జరపండి, చాలామంది వేసుకుంటారు, ఎవరూ కోప్పడలేదు నామీద. విరేచనాలు పట్టుకుంటే మాత్రం శానిటైజర్ చాలదు, కొన్ని క్రిములు దానికి చావవు, సబ్బూ నీళ్ళే. పలకరింపులకి వచ్చేవాళ్ళకి నేను ఇప్పుడు వరండాలోనే కుర్చీలు వేస్తాను.

ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు కూడా గ్రానైట్ ఫ్లోరింగ్ చూడకండి. ఇక్కడ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఎవరండీ అని రిసెప్షన్లో అడగండి. పేరు చెప్పగలిగితే ఒక ధైర్యం. నేను మొదటిచోట తర్వాత వెళ్ళి అడిగేను, వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

అత్తయ్యగారు ఇంటికొచ్చి మూడు నెలలైంది. కాలు బాగుంది, సర్జన్ గారు చేసిన పనికి వాకర్ లేకుండా నడవాల్సిన మనిషి, కానీ ఆ ఇరవైమూడు రోజుల్లో ఒంట్లో సత్తువంతా పోయింది, మంచం నుంచి వీధి అరుగుదాకా వాకర్‌తో వస్తారు, కాసేపు కూర్చుంటారు. దింపు కాయలు అరుగు మీదకి తెచ్చి పోస్తే లెక్కపెట్టడం మొదలెడతారు, యాభై దాటేక అంకె మర్చిపోతారు, నావైపు చూస్తారు, నేను అందిస్తాను.

కేస్ షీట్ మొత్తం కాపీ ఇమ్మని మొదటి ఆస్పత్రికి ఫిబ్రవరి 3న రాతపూర్వకంగా ఇచ్చేం, రసీదు ఉంది. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. వచ్చాక అందులో పైపు తేదీ ఉందో లేదో ఇక్కడే కింద రాస్తాను.